నూకాలు నిలబడ్డ రెండు నిమిషాలు

జీపు దువ్వాడ స్టేషన్ మలుపు తిరిగేసరికి నూకాలు తల సన్యాసిరాజు ఒళ్లో ఈ పక్క నుంచి ఆ పక్కకి దొర్లింది. దాన్ని రెండు చేతులతో సర్ది, వేళ్లు దవడ కిందికి పోనిచ్చి, నాడి ఉందా అని వెతికాడు. ఉంది. సన్నగా, దూరంగా, గోడ అవతల ఎవరో మేకు కొడుతున్నట్టు ఉంది. ముఖం మాత్రం ఎర్రగా, నిగనిగలాడుతూ, పెళ్లిపీటల మీంచి అప్పుడే లేచినవాడిలా ఉంది; ఫర్నేసు గ్యాసు చేసే దొంగపని అదే, మనిషిని అలంకరించి మరీ తీసుకుపోతుంది. రంగు లేదు, వాసన లేదు, కంట్లో మంట లేదు. మైకు ముందు పెద్దమనుషులు కొట్టే గ్యాసుకైనా రెండు మాటలు వినేసరికి కంపు తెలుస్తుంది, దీనికి అదీ లేదు, అనుకున్నాడు సన్యాసిరాజు. అనుకున్న మరుక్షణం తన నోటి మీద తనకే అసహ్యం వేసింది. పెదాలు కదలకపోయినా లోపల అది ఆడుతూనే ఉంటుంది, నలభై ఆరేళ్లుగా ఆడుతోంది, ఈ ఒక్క పొద్దైనా మూతపడని నోరు. బేగి పోనీ పీరూ, అన్నాడు. డ్రైవరు పీర్ మహమ్మద్ యాక్సిలరేటరు ఇంకొంచెం తొక్కాడు.

ఆక్సిజన్ ఉంటే ఇంత కంగారు లేదు. ఉంది, ఫ్యాక్టరీలోనే ఉంది, ఫస్టెయిడ్ గదిలో ఆకుపచ్చ గుడ్డ కప్పుకుని కూర్చుంది. గదికి తాళం ఉంది, తాళంచెవి సేఫ్టీ ఆఫీసరు జేబులో ఉంది, సేఫ్టీ ఆఫీసరు గాజువాక జంక్షన్లో మానవహారంలో ఉన్నాడు. గోడల నిండా ‘సేఫ్టీ ముందు’ అని రాసుకున్న కంపెనీలో సేఫ్టీ నిజంగానే అందరికంటే ముందు వెళ్లిపోయింది, పదింటికే, ఇస్త్రీ చొక్కా వేసుకుని. తలుపుని గునపంతో పొడిచారు నలుగురు. ఇనుము కరిగించి పోసే చోట ఇనుప తలుపు ఊడలేదు. ఈలోగా జీపు వచ్చింది, ఫర్నేసు మీంచి దించుకొచ్చిన నూకాల్ని గోనెబస్తాలా వెనకాల వేసి తను ఎక్కేశాడు. కాన్వాసు రెండు వైపులా పైకి చుట్టేశారు గాలి కోసం. జూన్ నెల గాలి, నోట్లో పెట్టుకుంటే కాలేలా ఉంది, అయినా గాలే, తాగరా నూకాలూ, ఊపిరి తియ్యి, తీసి వదులు, నీకెవడూ బిల్లు వెయ్యడు.

మానవహారం. దానికొక్క దీర్ఘం తగిలిస్తే మానవాహారం. నిన్న షిఫ్టు దిగుతూ ఈ మాట అంటే స్నానాల కుళాయి దగ్గర ఇరవై మంది విరగబడి నవ్వారు, నూకాలు ఒక్కడే నవ్వలేదు. తప్పు బావా, అన్నాడు, ఆ కొండల మీద కుర్రోళ్లు సచ్చిపోతంటే మనకి పరాసికాలేటి అన్నాడు. సబ్బునురగ కళ్లలోకి కారుతున్నా తుడుచుకోకుండా అన్నాడు. కార్గిల్ కొండలు ఎక్కడున్నాయో వాడికి తెలీదు, మంచు అంటే ఐసుఫ్యాక్టరీలో చేపల మీద కొట్టేదే వాడు చూసిన మంచు, జాలరిపేటలో పుట్టి తెడ్డు వదిలేసి ఫర్నేసుకొచ్చినవాడు. కానీ ప్రధానమంత్రి పెద్దాయన అంటే వాడికి నమ్మకం. ఏ పార్టీ అంటే చెప్పలేడు, ఓటు ఎవడికేశాడో వాడికే గుర్తులేదు. యుద్ధమొచ్చింది, ఢిల్లీలో పెద్దాయన ఉన్నాడు, చూసుకుంటాడు, అంతే. ఎందుకురా అంత నమ్మకం అంటే ఒకసారి వివరంగా చెప్పాడు. పడవలో తండేలు వెనకాల నిలబడి దారి చూస్తాడు, ముందు కూర్చుని తెడ్డేసేవాడు అలకి వీపు తిప్పి వెనక్కి చూసి ఎటు అని అడగకూడదు, అడిగితే ఆ అరక్షణంలో పడవ తిరగబడుతుంది. ‘తండేలు సెప్తే ఇనాల బావా, అంతే, ఇనీసి తెడ్డెయ్యాల.’ అప్పుడు సన్యాసిరాజు ఏదో చతురు విసిరి వెళ్లిపోయాడు, ఏం విసిరాడో గుర్తులేదు. విసరాల్సిన మాట ఇప్పుడొస్తోంది, ఈ గతుకుల్లో, వాడి తల ఒళ్లో పెట్టుకున్నాక: తండేలు అదే పడవలో ఉంటాడురా సన్నాసీ. అల కొడితే వాడూ తడుస్తాడు, మునిగితే వాడూ మునుగుతాడు, అందుకు వినాలి వాడి మాట. ఒడ్డున కూర్చుని రేడియోలో తెడ్డెయ్యమనేవాడు తండేలు కాడు.

అయినా పెద్దాయన్నెందుకు తిట్టడం. పెద్దాయన అడిగాడా ఇదంతా? గాజువాక అని ఒక ఊరుందనీ, దాని పక్కన ఒక బుల్లి ఫర్నేసుందనీ, దాని మీద నూకాలనేవాడు నెత్తిమీద టోపీ తీసి గుండెకి పెట్టుకుంటాడనీ ఆయనకేం తెలుసు. ఆయన పేరు చెప్పి ఇక్కడివాళ్లు మొదలుపెట్టారు. దువ్వాడ అని ఊరికే రాలేదు పేరు, ఉన్నవాళ్లంతా పైవాణ్ణి దువ్వేవాళ్లే. అభినందన సంఘమట, ఎవరు పుట్టించారో, కాంట్రాక్టర్లు ఇద్దరు, కాలేజీ యజమాని ఒకడు, ఓడిపోయిన కార్పొరేటరొకడు. ద్వారకా నగర్లో చీరల కొట్టువాడు కట్టిన గుడ్డ బ్యానరు మీద జవాను బొమ్మ గోరంత, కొట్టు పేరు కొండంత. కోచింగ్ సెంటరువాడు దేశభక్తి వ్యాసరచన పోటీ పెట్టి, గెలిచినవాడికి కాదు, ఫీజు కట్టినవాడికి ఫొటో వేశాడు. నమ్మకంలోంచి ఒక్క పొల్లు నకారం లాగేస్తే మిగిలేది అమ్మకం, ఈ ముక్క కూడా సన్యాసిరాజుదే, ఇదీ టీకొట్టు దగ్గర నవ్వించింది. నవ్వించి ఏం చేశాడు? సంఘంవాళ్లు కంపెనీకొచ్చి, పదకొండు గంటలకి అన్ని ఫ్యాక్టరీల్లో సైరన్, రెండు నిమిషాలు మౌనం, జంక్షన్లో మానవహారం, తర్వాత పెద్దాయన మీద విశ్వాస ప్రతిజ్ఞ అన్నప్పుడు, మైకు ఎవరు పడతారు అని మేనేజరు అటూ ఇటూ చూస్తే, చెయ్యెత్తింది ఎవరు? మైకు కనబడితే చేతులు దురద. చవట. సన్యాసి సగం, రాజు సగం, మనిషి ఎక్కడా లేడు.

కూర్మన్నపాలెం దాటింది జీపు. నూకాలు గొంతులో గురక లాంటిది మొదలైంది. అది మంచిదా చెడ్డదా. మంచిదే, చప్పుడుంటే మంచిదే, చప్పుడు లేకపోతేనే భయం. గ్యాసు ఉన్న చోటికి ఒక్కడు ఎక్కకూడదు. ఫర్నేసు మీద పుట్టిన మొదటి ఆచారం అది, మేనేజర్లు పెట్టింది కాదు, చచ్చినవాళ్లు పెట్టింది. ఇద్దరు ఎక్కాలి, ఒకడు పని చేస్తుంటే రెండోవాడు గాలి వచ్చే వైపు నిలబడి వాణ్ణే చూడాలి, వేరే పనేం లేదు, ముఖం చూడటమే పని, మాట తడబడితే చొక్కా పట్టుకుని దించెయ్యడమే పని. దాన్ని జోడీ అంటారు. నాలుగేళ్లుగా నూకాలుకి జోడీ సన్యాసిరాజు. ఇవాళ పదిన్నరకి పైన వాల్వు దగ్గర బోల్టులు బిగించాలంటే, మైకు చూసుకుని వస్తాను ఆగరా అన్నాడు. నువ్వు సెప్పుకో బావా, రెండు బోల్టులే కదా అని ఎక్కేశాడు వాడు. కింద జోడీగాడు మైకు ఊదుతున్నాడు. ఊది ఏమన్నాడు? ఒక్కొక్క అక్షరం గుర్తుంది, గుర్తుండకపోతే బావుండును. పదకొండుకి సైరన్ మోగగానే ఎక్కడివాడు అక్కడే నిలబడిపోవాలి అన్నాడు. మంచులో వాళ్లు నెలరోజులుగా నిలబడితే ఎండలో మనం రెండు నిమిషాలు నిలబడలేమా అన్నాడు. ఆకాశం విరిగి మీద పడినా కదలకూడదు, పెద్దాయన మీద ఒట్టు, అన్నాడు. చప్పట్లు పడ్డాయి.

ఆ ఫ్యాక్టరీకి ఉన్నది ఒకటే సైరన్. గ్యాసు లీకైతే మోగేదీ అదే, షిఫ్టు మారితే మోగేదీ అదే, ఇవాళ్టి మౌనానికి మోగాల్సిందీ అదే. ఇది ఎవరికీ తోచలేదు. ఇంత గొంతున్న సన్యాసిరాజుకీ తోచలేదు. పదకొండుకి ఇంకా ఇరవై నిమిషాలుండగా కంట్రోలు రూములో గ్యాసు మీటరు ముల్లు ఎగిరింది, అక్కడివాడు మీట నొక్కాడు, సైరన్ మోగింది. మిగతా రోజుల్లో అయితే షిఫ్టు వేళ కాని వేళ సైరన్ వినగానే కుందేళ్లలా పరుగెట్టేవాళ్లు ఇవాళ టోపీలు తీసి నిలబడిపోయారు. తల దించుకున్నారు. మైకు పట్టుకున్న సన్యాసిరాజు కూడా తల దించాడు, టైమప్పుడే అయిపోయిందా అనుకుంటూ దించాడు. కంట్రోలు రూమువాడు బయటికొచ్చి గ్యాస్ గ్యాస్ అని గుడ్డ ఊపుతూ అరిస్తే గానీ ఎవరూ కదల్లేదు. కిందవాళ్లు పరుగెత్తారు. పైన, ముప్ఫై అడుగుల ఎత్తున, ఫ్యాను హోరులో ఆ అరుపు వినబడనివాడు, వేడికి వాచీ పాడవుతుందని ఇంటి దగ్గరే వదిలేసి వచ్చినవాడు, నిలబడ్డాడు. టోపీ గుండెకి పెట్టుకుని, మడమలు కలిపి, నిటారుగా. సన్యాసిరాజు చూస్తూనే ఉన్నాడు. గొంతు చినిగేలా పిలిచాడు, మైకులో పిలిచాడు, ఒరే దిగరా అన్నాడు, వాడికి వినబడలేదో, ఇది బావ పెడుతున్న పరీక్ష అనుకున్నాడో. మోకాళ్లు మడతపడేదాకా నిలబడ్డాడు. నిలబడి వాలిపోతే నివాళి, అని ఆ క్షణంలో కూడా లోపలి నోరు అంది. దాన్ని కొలిమిలో పెట్టాలి.

గాజువాక వచ్చింది. వచ్చింది అంటే ఆగింది. ముందు లారీ, లారీ ముందు రెండు బస్సులు, వాటి ముందు జంక్షన్ చుట్టూ గుండ్రంగా జనం, చేతులు పట్టుకుని, నాలుగు రోడ్లకీ అడ్డంగా. వెనక నుంచి ఇంకో లారీ వచ్చి దాని ముక్కు జీపుకి ఆనించింది. పీర్ మహమ్మద్ జీపుని రోడ్డు దింపి, దుకాణాల ముందు గట్టు మీంచి, సైకిళ్లు తోసుకుంటూ, బస్సుల పక్క నుంచి జనం వీపుల దాకా తీసుకొచ్చాడు. అక్కడ ఆపేశాడు.

‘హారన్ కొట్టు పీరూ.’

పీర్ మహమ్మద్ చెయ్యి హారన్ దాకా వెళ్లి ఆగింది. ‘నాను కొడితే వేరేలాగుంటాది బావా,’ అన్నాడు, రోడ్డు వైపే చూస్తూ. ‘నువ్వు దిగి సెప్పు. నువ్వు సెప్తే ఇంటారు.’

సన్యాసిరాజుకి ఒళ్లు మండింది, వాడి మీద కాదు. నెలరోజులుగా టీకొట్టు దగ్గర వాణ్ణి ఎలా వేపారో ఇతనికి తెలుసు. పొద్దున్నే గ్లాసు అందుకోగానే, ఏం పీరూ, నిన్న ఎన్ని కొండలు పోనాయి మీవోళ్లవి, అనేవాడొకడు. మీవోళ్లు. పాతపట్నంలో మూడు తరాలుగా తాళాలు బాగుచేసిన ఇంట్లో పుట్టినవాడు, వాళ్ల నాన్న చేసిన తాళాలే సగం ఊరికి. వాడు నవ్వి ఊరుకునేవాడు. అప్పుడు సన్యాసిరాజు కూడా నవ్వాడా? నవ్వాడు. గట్టిగా కాదు, కానీ నవ్వాడు. దేశమంతా ఒక్కటైందని పేపర్లు రాసిన నెలలో ఒక డ్రైవరు చావుబతుకుల మనిషిని వెనకాల పెట్టుకుని హారన్ కొట్టడానికి భయపడుతున్నాడు. ఏ శత్రువు పట్టుకున్నాడు వాడి చెయ్యి?

నూకాలు తలని గోనె మడిచి దాని మీద పెట్టి దిగాడు. కానిస్టేబులు ఎదురొచ్చాడు. గ్యాసు కేసు, ఆసుపత్రి, దారి ఇవ్వండి అని చెబితే, కానిస్టేబులు జీపులోకి తొంగిచూసి, ముఖం బాగానే ఉందే అన్నాడు, మౌనం అవగానే వదిలేస్తాం, తర్వాత ఢిల్లీ సందేశం చదువుతారు, అదీ అవనిద్దాం, పైవాళ్లున్నారు, కెమెరా ఉంది, అన్నాడు. సరిగ్గా అప్పుడు స్తంభానికి కట్టిన లౌడుస్పీకరులోంచి సైరన్ మోగింది. అసలు పదకొండు ఇప్పుడైంది. బస్సు మెట్ల మీదివాళ్లు బిగుసుకున్నారు. కొబ్బరిబోండాలవాడు కత్తి దించాడు. కానిస్టేబులు మడమలు కలిపాడు. సన్యాసిరాజు కాళ్లు కూడా, అతన్ని అడక్కుండా, దగ్గరికి చేరి నిలబడ్డాయి. తల దిగింది. ఒకటి, రెండు, మూడు, ఎన్ని క్షణాలో. వెనకాల జీపులో గురక వినబడుతూ ఉంది, ఆ గురకని వింటూ కూడా నిలబడ్డాడు. ఆ తర్వాత అది ఆగింది. ఆగి, మళ్లీ అందుకుంది. ఆ రెంటికీ మధ్యలో సన్యాసిరాజుకి తన కాళ్లు కనబడ్డాయి. ఇలాగన్నమాట. ఇలా నిలబడ్డాడన్నమాట వాడు. ఇందులో దేశమూ లేదు, పెద్దాయనా లేడు. చుట్టూ అందరూ నిలబడ్డారు కాబట్టి కాళ్లు నిలబడతాయి, చెప్పినవాడికి తెలిసే ఉంటుందని తల దిగుతుంది, ఆ చెప్పినవాడు ఇంకొకడు చెప్పాడని తల దించుకుని ఉంటాడు, ఆ పైవాడు ఇంకా పైకి చూస్తూ ఉంటాడు, అలా ఢిల్లీ దాకా ఒకడి చెయ్యి ఒకడు పట్టుకుని, గొలుసంతటిలో దారి చూస్తున్నవాడు ఒక్కడూ లేడు. నెత్తురు తలకెక్కింది. కాలు పెకలించి ముందుకేశాడు. చెప్పు చప్పుడు జంక్షనంతా వినబడింది.

వీపుల్లో ఒక వీపు సేఫ్టీ ఆఫీసరుది. కృష్ణా జిల్లా మనిషి, తెల్లచొక్కా, జేబుకి జెండా. తల తిప్పకుండా, ఏంటి రాజూ ఇది, రెండు నిమిషాలు ఆగలేవా, అని పళ్ల మధ్య నుంచి అన్నాడు. తాళంచెవి జేబులోనే ఉందా సార్, అన్నాడు సన్యాసిరాజు. ఆయన పక్కవాడి చెయ్యి వదిలి జేబు తడుముకుని, ఉంది, ఎందుకు, అన్నాడు. మళ్లీ చెయ్యి పట్టుకున్నాడు. ఆ ముఖం మీద కొట్టడానికి సన్యాసిరాజు చెయ్యి లేచింది, లేచినది అక్కడే ఉండిపోయింది, ఎందుకంటే ఆయన పక్కన, ఆ చెయ్యి పట్టుకుని, నీలం చీరలో, నెత్తిమీద ఎండకి కొంగు కప్పుకుని ఉన్నది చిట్టెమ్మ. నూకాలు పెళ్లాం. ప్రతి ఇంటి నుంచీ ఒకరు రావాలన్న జాబితా రాసినవాడు సన్యాసిరాజే, నూకాలు ఇంటి పేరు ఎదురుగా చిట్టెమ్మ అని రాసినదీ, ఫ్యాక్టరీ వైపు రోడ్డుకి మా కంపెనీవాళ్లని పెట్టండి, అక్కడ నీడ ఉంటుంది అని సంఘంవాళ్లని బతిమాలినదీ ఇతనే. ఆమె ఇతన్ని చూసి, వరస సరిగ్గా ఉందో లేదో చూడ్డానికొచ్చాడనుకుని, పట్టుకున్న చేతులు ఇంకా బిగించి చూపించింది.

‘సిట్టెమ్మా, సెయ్యి ఒగ్గు. నూకాలు జీపులో ఉన్నాడు.’

ఆమె నవ్వింది. ఊరుకో అన్నయ్యా, ఆయన డూటీలో ఉన్నాడు, అని గుసగుసగా అంది, ఇప్పుడు కూడా నవ్విత్తావేటి అంది. ఇరవై ఏళ్లుగా ఊరందరినీ నవ్వించి సంపాదించింది ఇదన్నమాట: అబద్ధం మైకులో చెబితే మనిషి ప్రాణం మీదికొచ్చేదాకా నమ్మారు, నిజం చెవిలో చెబితే పెళ్లాం నవ్వుతోంది. సన్యాసిరాజు ఇంకో మాట వెతికాడు. లోపలి నోరు మొదటిసారి ఊరుకుంది. అతని గడ్డం వణకడం మొదలుపెట్టింది, దాన్ని ఆపలేకపోయాడు, ఆమె ఆ గడ్డాన్ని చూసింది, నవ్వు ముఖం మీద కాసేపు అలాగే మిగిలి, తర్వాత దానంతట అది రాలిపోయింది.

చేతులు లాక్కోబోయింది. ఊడి రాలేదు, ఇటు ఆఫీసరు, అటు టైలరు కొట్టు పిల్ల, ఇద్దరూ కెమెరా ఇటే తిరిగిందని గట్టిగా పట్టుకున్నారు. చిట్టెమ్మ ఒడ్డున వల లాగేటప్పుడు లాగినట్టు మడమలు తన్నిపెట్టి వెనక్కి ఒరిగి ఒక్క లాగు లాగింది. ఆఫీసరు మోకాళ్ల మీద పడ్డాడు. ఎవరో ఎయ్ అన్నారు, దేశద్రోహం అని ఇంకెవరో అన్నారు, కానిస్టేబులు ఈల నోట్లో పెట్టుకుని ఊదాలో లేదో తెలీక ఊరుకున్నాడు. వెనకాల హారన్ మోగింది. పీర్ మహమ్మద్ అరచెయ్యి దాని మీంచి తియ్యలేదు, ఆ సందులోంచి జీపుని పోనిచ్చి, ఎదుటి వరస చెదిరి దారిస్తే అవతలి రోడ్డెక్కించేదాకా, చిట్టెమ్మ వెనకాల ఎక్కి, సన్యాసిరాజు పరుగెత్తి కమ్మీ పట్టుకునేదాకా, అలా మోగుతూనే ఉంది.

చిట్టెమ్మ ఏడవలేదు. మొగుడి చొక్కా గుండీలు తెంపేసి, కొంగుతో ముఖం మీద విసురుతూ, అరికాళ్లు తాకి చూసింది. రోడ్డు పొడుగునా స్తంభాలకి లౌడుస్పీకర్లున్నాయి, మౌనం అయిపోయినట్టుంది, ఎవరో ఢిల్లీ సందేశాన్ని చదువుతున్నారు, ఒక స్తంభం దగ్గర వదిలిన వాక్యం ఇంకో స్తంభం దగ్గర అందుకుంటోంది. ఆమె దాన్ని వినడం లేదు. ఏటయ్యిందని అడిగింది. సన్యాసిరాజు చెప్పాడు, గ్యాసు, సైరన్, నిలబడటం, అన్నీ, ఏ ముక్కకీ ఏ తోకా తగిలించకుండా.

‘కదలొద్దని ఎవులు సెప్పినారు?’

చెప్పడానికి ఎంతమంది ఉన్నారు. పెద్దాయన ఉన్నాడు, సంఘం ఉంది, మేనేజరున్నాడు, తెల్లచొక్కా ఉంది, ఏ పేరు చెప్పినా అబద్ధం కాదు. గాలి కళ్లలోకి కొడుతోంది.

‘నానే సిట్టెమ్మా.’

విసురుతున్న కొంగు ఆగింది. ఆమె అతని వైపు చూసింది, కొడుతుందనుకున్నాడు, కొడితే బాగుండుననుకున్నాడు. కొట్టలేదు. పక్కకి జరిగి నూకాలు తల దగ్గర చోటిచ్చింది.

‘అయితే నువ్వే సెప్పు. ఇంక కదలమని సెప్పు. ఆడు నీ మాటే ఇంటాడు.’

ఆసుపత్రి గేటు దగ్గర జీపు మలుపు తిరుగుతోంది. మైకు లేకుండా ఊరంతా వినబడే గొంతున్న సన్యాసిరాజు వంగి, నూకాలు చెవికి నోరు ఆనించి, తనకే సరిగ్గా వినబడనంత మెల్లగా, రెండు నిమిషాలు అయిపోనాయిరా నూకాలూ, ఇంక కదులు, అన్నాడు. స్ట్రెచరు వచ్చేదాకా అదే మాట అంటూనే ఉన్నాడు.